సొంత క్యాబ్ వాళ్లు ఐటీ రిటర్న్‌లో ఏ ఖర్చులు చూపించొచ్చు? కొత్త విధానంలో ఏమీ రావంటున్నారు

ఎల్లోప్లేట్
సొంత కారు, ట్యాక్సీ పర్మిట్, యాప్‌లో తిప్పుతున్నా. 2025-26కి రిటర్న్ వేయాలి. ట్యాక్స్ కన్సల్టెంట్ ఒకాయన "కొత్త విధానంలో డిడక్షన్లే లేవు, డీజిల్ బిల్లులు తెచ్చినా దండగ, పాత విధానానికి మారు" అంటున్నాడు. బంకు బిల్లులు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్లు, షెడ్డు బిల్లులు, ఇన్సూరెన్సు, ఈఎంఐ అన్నీ సంచిలో ఉన్నాయి. నిజంగానే ఇవేవీ తీసేయకూడదా? తీసేయొచ్చంటే ఏది వస్తుంది, ఏది రాదు? ట్రాఫిక్ చలానాలు కూడా ఖర్చే కదా, అవీ వస్తాయా?

పద్దుల_పుస్తకం
ఆయన చెప్పింది తప్పు. కొత్త విధానంలో పోయేవి 80సీ (పొదుపులు), 80డీ (ఆరోగ్య బీమా), ఇంటద్దె మినహాయింపు లాంటివి. వ్యాపార ఖర్చులు వాటి లెక్కలోకి రావు. కిరాయిలోంచి డీజిల్, రిపేరు, ఇన్సూరెన్సు, వడ్డీ, తరుగుదల (వాడకంతో బండి విలువ ఏటా తగ్గినంత) తీసేశాక మిగిలిందే నీ ఆదాయం. ఆ ఆదాయం మీద ఏ రేటు వేయాలన్న దగ్గరే పాత విధానమా, కొత్తదా అన్న ప్రశ్న వస్తుంది. సెక్షన్ 30 నుంచి 37 దాకా ఉన్న ఖర్చులు, సెక్షన్ 32 కింద మామూలు తరుగుదల రెండింటిలోనూ ఒకటే.

పాత విధానంలోకి వెళ్లాలంటే వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు గడువులోపు ఫారం 10-ఐఈఏ వేయాలి. ఒకసారి వెళ్లి వెనక్కి వచ్చాక, వ్యాపారం నడుస్తున్నంత కాలం మళ్లీ పాతదానికి వెళ్లడానికి లేదు. జీతగాళ్లలాగా ఏటా అటూ ఇటూ దూకడం మనకి కుదరదు. డీజిల్ బిల్లుల కోసం ఆ పని అసలు చేయకు.

గేరు_మార్చు
అంటే జీతగాళ్ల రూలు తెచ్చి క్యాబ్ మీద పెట్టాడన్నమాట. చాలా చోట్ల ఇదే కథ.

పద్దుల_పుస్తకం
ఎల్లోప్లేట్ అడిగిన రెండోదానికి. బిల్లుల ప్రకారం అసలు ఖర్చుల లెక్కలో వేస్తే వచ్చేవి:

డీజిల్, పెట్రోలు, సీఎన్‌జీ, చార్జింగ్. సర్వీసు, ఆయిల్, బ్రేకు ప్యాడ్లు, క్లచ్చు ప్లేటు. పాత టైర్లు తీసి కొత్తవి వేస్తే అదీ రిపేరు కిందే. బండి ఇన్సూరెన్సు మొత్తం ప్రీమియం, అందులో ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా ఉంటే దానితో సహా. పర్మిట్ ఫీజు, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఫీజు, త్రైమాసిక పన్ను, పొల్యూషన్ సర్టిఫికెట్. టోలు, పార్కింగ్. యాప్ కమిషన్, లేదంటే రోజువారీ సబ్‌స్క్రిప్షన్. లోన్ మీద వడ్డీ. ఫోను రీచార్జిలో పనికి వాడిన వాటా. వాటర్ వాష్, సీటు కవర్లు, ఫోన్ స్టాండు లాంటి చిల్లర.

ఈఎంఐ మొత్తం రాదు, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అందులో వడ్డీ ముక్క మాత్రమే ఖర్చు, అప్పు తీర్చే అసలు ముక్క ఖర్చు కాదు. అసలుకి బదులుగా తరుగుదల వస్తుంది. బ్యాంకుని ఏప్రిల్ నుంచి మార్చి దాకా వడ్డీ సర్టిఫికెట్ అడుగు, రెండు ముక్కలూ విడివిడిగా ఉంటాయి. ఇంకోటి, బ్యాంకు లోన్ వడ్డీ 43బీ కింద కట్టినప్పుడే ఖర్చు. మార్చిలో ఈఎంఐ ఎగ్గొట్టినా రిటర్న్ గడువులోపు కట్టేస్తే ఆ వడ్డీ ఈ ఏడాది లెక్కలోకే వస్తుంది, గడువు దాటాక కడితే కట్టిన ఏడాది లెక్కలోకి వెళ్తుంది.

చలానాలు రావు. సిగ్నల్ జంప్, స్పీడు, రాంగ్ పార్కింగ్, ఓవర్‌లోడ్, చట్టం ఉల్లంఘించినందుకు కట్టిన ఏ జరిమానా అయినా సెక్షన్ 37లోని వివరణ ప్రకారం ఖర్చు కాదు. ఈఎంఐ లేటయితే బ్యాంకు వేసే పెనాల్టీ వడ్డీ వేరు, అది ఒప్పందం ప్రకారం కట్టేది కాబట్టి వస్తుంది.

రాత్రి_డ్యూటీ
చలానా కూడా తీసేయనిస్తే ఒక శాఖ గుంజింది ఇంకో శాఖ తిరిగిచ్చినట్టు అవుతుంది కదా, ఎందుకిస్తారు 😄

అది సరే, చెక్‌పోస్టు దగ్గర "టీ ఖర్చులు" ఏ హెడ్డు కింద రాయాలి?

పద్దుల_పుస్తకం
@రాత్రి_డ్యూటీ ఏ హెడ్డు కిందా రాయకూడదు. చట్టం ఒప్పుకోని చెల్లింపు ఏదీ ఖర్చు కాదు. "ఇతర ఖర్చులు" అని గుండుగుత్తగా పెద్ద అంకె పెడితే అడిగేది మొదట దాన్నే.

మీటర్_డౌన్
పద్దుల_పుస్తకం గారు చెప్పిన లిస్టు కరెక్టే గానీ, సొంత క్యాబ్ ఒకటి నడిపేవాడికి ఇదంతా ఎందుకు? 44ఏడీ ఉంది కదా. ఏడాది కిరాయి 2 కోట్ల లోపు ఉంటే, బ్యాంకు, యూపీఐ, కార్డు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం, క్యాష్ మీద 8 శాతం లాభం అని చూపించి ఐటీఆర్-4 వేసేయడమే. బిల్లులు చూపించక్కర్లేదు, పద్దులు రాయక్కర్లేదు. అన్ని ఖర్చులూ, తరుగుదలతో సహా, అందులో కలిసిపోయాయనే లెక్క.

అంకెలు వేసి చూపిస్తా. యాప్ ద్వారా కిరాయి 11,00,000, అంతా బ్యాంకులోకే వచ్చిందనుకుందాం. కారు ధర 9,00,000, జూన్‌లో కొన్నది.

కమిషన్ 2,20,000
ఇంధనం 3,30,000
ఇన్సూరెన్సు 55,000
వడ్డీ 80,000
సర్వీసు, టైర్లు 45,000
టోలు, పార్కింగ్ 30,000
పర్మిట్, ఫీజులు 10,000
ఫోను 6,000
తరుగుదల 30 శాతం 2,70,000

మొత్తం 10,46,000. మిగిలింది 54,000.

44ఏడీలో 11,00,000 మీద 6 శాతం అంటే 66,000. తేడా 12,000. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు, 12 లక్షల దాకా పడే పన్నుని మాఫీ చేసే 87ఏ రిబేటు ఉంది. రెండు దారుల్లోనూ పన్ను సున్నా. సున్నాని ఇంకా ఎంత తగ్గిస్తావు?

గేరు_మార్చు
సంచి మొత్తం తేలిపోయింది 😂

ఎల్లోప్లేట్
@మీటర్_డౌన్ అన్నా, ఒక డౌటు. నాకు బ్యాంకులో పడింది 8 లక్షల 80 వేలే. పన్ను పోర్టల్‌లో మన లావాదేవీలు చూపించే ఏఐఎస్‌లో మాత్రం 11 లక్షలు కనిపిస్తోంది. ఏది రాయాలి?

మీటర్_డౌన్
11 లక్షలే రాయి. యాప్ వాళ్లు 194-ఓ కింద టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసేది ప్రయాణికుడి మొత్తం కిరాయి మీద, కమిషన్ తీసేశాక మిగిలినదాని మీద కాదు. ఏఐఎస్‌లో, కోసిన పన్ను చూపించే 26ఏఎస్‌లో పడేదీ ఆ మొత్తమే. 8.80 రాస్తే రెండున్నూ కలవక నోటీసు వస్తుంది. అసలు ఖర్చుల దారిలో అయితే 11 రాసి కమిషన్ 2.20 ఖర్చులో చూపించాలి. 44ఏడీలో అయితే 11 మీదే 6 శాతం. ఎలాగూ తేడా 13,200 రూపాయల ఆదాయమే, దాని మీద పన్ను లేదు.

194-ఓ రేటు 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. అంతకు ముందు 1 శాతం ఉండేది. పాన్ ఇచ్చి, ఏడాదికి ఆ యాప్ ద్వారా కిరాయి 5 లక్షలు దాటకపోతే అసలు కోయరు. పాన్ ఇవ్వకపోతే 5 శాతం. కోసింది మొత్తం రిటర్న్ వేస్తే రీఫండ్ వస్తుంది, నీకు 1,100.

ఆటో_ఆనంద్
1,100 కోసం రిటర్న్ వేయాలా, కన్సల్టెంట్ ఫీజే అంతకంటే ఎక్కువ.

మీటర్_డౌన్
రీఫండ్ సంగతి వదిలేయ్. రెండో బండికి లోన్ అడిగితే బ్యాంకు అడిగేది గత రెండు మూడేళ్ల రిటర్న్‌లే. ఐటీఆర్-4 పోర్టల్‌లో నువ్వే వేసుకోవచ్చు, పేజీలు కూడా ఎక్కువ ఉండవు.

పద్దుల_పుస్తకం
44ఏడీ మంచిదే, నేనూ ఒకే బండి ఉన్నవాళ్లకి అదే చెప్తా. కానీ మీటర్_డౌన్ గారు వదిలేసినవి కొన్ని ఉన్నాయి.

6 శాతం అనేది కనీసం. నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపించాలి. మూడో ఏడాదికి తరుగుదల తగ్గిపోతుంది, లోన్ వడ్డీ తగ్గుతుంది, అదే కిరాయి మీద సుమారు రెండు లక్షలు మిగులుతాయి. అప్పుడు కూడా 66,000 అని రాస్తే, నెలకి 18 వేల ఈఎంఐ ఎక్కడి నుంచి కట్టావని బ్యాంకు మేనేజరే అడుగుతాడు. 12 లక్షల దాకా పన్ను లేనప్పుడు నిజం రాయడానికి పైసా ఖర్చు కాదు.

రెండోది ఐదేళ్ల ముడి. ఒక ఏడాది 44ఏడీలో వేసి, తర్వాతి ఐదేళ్లలో ఎప్పుడైనా 6 శాతం కంటే తక్కువ చూపిస్తే, ఆ తర్వాత ఐదేళ్లు 44ఏడీ వాడుకోనివ్వరు.

స్టీరింగ్_శీను
తక్కువ చూపిస్తే ఆడిట్ కంపల్సరీ కూడా. అందుకే ఎవరూ దాని జోలికి పోరు.

పద్దుల_పుస్తకం
@స్టీరింగ్_శీను కంపల్సరీ కాదు. 44ఏడీ నుంచి అలా బయటికి వచ్చినవాడికి, మొత్తం ఆదాయం పన్ను మొదలయ్యే పరిమితి దాటితేనే పద్దులు, ఆడిట్. కొత్త విధానంలో 2025-26కి ఆ పరిమితి 4 లక్షలు. పైన లెక్కలో మిగిలింది 54,000, వేరే ఆదాయం లేకపోతే ఆడిట్ లేదు. ఇంట్లో అద్దెలు, ఎఫ్‌డీ వడ్డీలు కలిసి 4 లక్షలు దాటితే మాత్రం చార్టర్డ్ అకౌంటెంట్ గుమ్మం ఎక్కాల్సిందే.

స్టీరింగ్_శీను
ఓహో, మొత్తం ఆదాయం చూస్తారా. టర్నోవర్ చూస్తారనుకున్నా.

పదిటైర్ల_బండి
లారీ వాళ్లకి కూడా 6 శాతమేనా? మా దగ్గర ఒకాయన లారీ కిరాయి మీద 6 శాతం వేసి పంపించేశాడు.

మీటర్_డౌన్
కాదు. సరుకు బండ్లకి 44ఏడీ వర్తించదు, వాటికి 44ఏఈ. అక్కడ కిరాయితో పనే లేదు, బండి బరువు చూస్తారు. ఏడాదిలో ఏ రోజూ 10 సరుకు బండ్లు మించి ఉండకూడదు.

ఆర్సీలో మొత్తం బరువు 12,000 కిలోలు దాటితే టన్నుకి నెలకి 1,000. దాటకపోతే బండికి నెలకి 7,500. పది టైర్ల లారీ 28.5 టన్నులు అయితే నెలకి 28,500, ఏడాదికి 3,42,000 ఆదాయం. చిన్న ట్రాలీ అయితే ఏడాదికి 90,000.

పదిటైర్ల_బండి
మూడు నెలలు లోడు దొరక్క షెడ్డులో నిలబడింది. ఆ నెలలు తీసేయొచ్చా?

మీటర్_డౌన్
తీసేయకూడదు. బండి తిరిగిందా లేదా అని చూడరు, నీ పేరున ఉందా అని చూస్తారు. నెలలో ఒక్క రోజు ఉన్నా పూర్తి నెల. 3వ తేదీన అమ్మేసినా ఆ నెల 28,500 నీ లెక్కలోకే. అమ్మేటప్పుడు నెలాఖరులో ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవడమే లాభం. ఫైనాన్స్‌లో ఉన్న బండి కూడా నీ బండే.

పదిటైర్ల_బండి
అన్యాయం కదా ఇది. టైర్లకే లక్షలు పోతాయి.

పద్దుల_పుస్తకం
నిజంగా అంత మిగలకపోతే పద్దులు రాసి తక్కువ చూపించొచ్చు. కానీ 44ఏఈలో తక్కువ చూపిస్తే ఆడిట్ తప్పదు, క్యాబ్ వాళ్లకి ఉన్న 4 లక్షల మినహాయింపు ఇక్కడ లేదు. ఆడిట్ ఫీజు, పద్దులు రాసేవాడి జీతం కలిపి చూసుకో. ఒక్క లారీకి 3,42,000 మీద ఎలాగూ పన్ను రాదు. అలాంటివి మూడైతే 10,26,000, అదీ 12 లక్షల లోపే. నాలుగో లారీ నుంచి ఆలోచించాలి.

ఒక మంచి మాట, 44ఏఈలో ఐదేళ్ల ముడి లేదు. ఈ ఏడాది పద్దులు, వచ్చే ఏడాది 44ఏఈ, ఏం అడ్డు లేదు.

ఇక్కడే చాలామంది తప్పుగా చెప్పేది ఒకటి: ముందస్తు పన్ను. 44ఏడీ వాళ్లు మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. 44ఏఈ వాళ్లకి ఆ వెసులుబాటు లేదు, కట్టాల్సిన పన్ను 10,000 దాటితే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నాలుగు వాయిదాలూ కట్టాలి.

లోడింగ్_పాయింట్
పది బండ్ల లోపు ఉన్న లారీ ఓనర్లు పాన్‌తో పాటు డిక్లరేషన్ రాసిస్తే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్లు 194సీ (కాంట్రాక్టు చెల్లింపుల మీద) టీడీఎస్ కోయకూడదు. రాసివ్వకపోతే 1 శాతం పోతుంది. ఏప్రిల్‌లోనే అందరికీ ఒక్కో కాగితం ఇచ్చేయండి, మార్చిలో గొడవపడే కంటే నయం.

క్యాష్_కౌంటర్
డీజిల్ క్యాష్ లిమిట్ ఎంత? లారీలకి 35,000 దాకా క్యాష్ ఇవ్వొచ్చు అంటారు.

లోడింగ్_పాయింట్
అవును, లారీలకి 35 వేలు. క్యాబ్‌కి 10 వేలు.

పద్దుల_పుస్తకం
@లోడింగ్_పాయింట్ ఆ 35,000 లారీ కిరాయి చెల్లింపుకి. అంటే నువ్వు వేరే వాళ్ల లారీ మాట్లాడుకుని వాళ్లకి కిరాయి ఇస్తే. బంకులో డీజిల్ కొట్టించడానికి దాన్ని లాగితే అధికారితో వాదన పెట్టుకోవడమే. డీజిల్, టైర్లు, రిపేరు అన్నిటికీ ఒక మనిషికి ఒక రోజులో 10,000 అని పెట్టుకోండి. దాటితే దాటినంత కాదు, ఆ మొత్తం చెల్లింపే ఖర్చులోంచి పోతుంది. 14,000 డీజిల్ క్యాష్‌లో కొట్టిస్తే పోయేది 4,000 కాదు, 14,000. ఒకే బంకులో పొద్దున 7,000, సాయంత్రం 7,000 ఇచ్చినా రెండూ కలిపే చూస్తారు.

ఇది అసలు ఖర్చులు చూపించేవాళ్లకే. 44ఏడీ, 44ఏఈ వాళ్లకి ఈ బాధ లేదు.

బండి కొనేటప్పుడు కూడా ఇదే. షోరూమ్‌లో డౌన్ పేమెంట్ లక్షన్నర క్యాష్‌లో ఇస్తే ఆ లక్షన్నర బండి ధరలో లెక్కకు రాదు, దాని మీద తరుగుదల ఉండదు. అమ్మేవాడు "క్యాష్ అయితే ఐదు వేలు తగ్గిస్తా" అన్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఎల్లోప్లేట్
తరుగుదల 30 శాతం అన్నారు. మా కన్సల్టెంట్ 15 అంటున్నాడు.

గేరు_మార్చు
మీ కన్సల్టెంట్‌ని ఈ థ్రెడ్‌లో చేర్చండి, ఒకేసారి అయిపోతుంది.

పద్దుల_పుస్తకం
మామూలు కారుకి 15. కిరాయికి తిప్పే ట్యాక్సీ, బస్సు, లారీలకి 30. ఆర్సీలో ట్యాక్సీ అని ఉంటే వాదనే లేదు. వైట్ ప్లేట్ కారుని కిరాయికి తిప్పుతూ 30 అడిగితే, ముందు పర్మిట్ లేకుండా ఎలా తిప్పావో చెప్పాల్సి వస్తుంది. అది ఆదాయపు పన్ను కంటే పెద్ద తలనొప్పి.

ఏటా మిగిలిన విలువ మీదే వేయాలి. 9,00,000 మీద మొదటి ఏడు 2,70,000, తర్వాత 6,30,000 మీద 1,89,000, తర్వాత 4,41,000 మీద 1,32,300. రిజిస్ట్రేషన్ ఖర్చు, కొన్నప్పుడు కట్టిన లైఫ్ ట్యాక్స్ బండి ధరలో కలుపు, ఇన్సూరెన్సు కలపకు.

కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే, అంటే 15 శాతం. 2025-26లో అక్టోబరు 3 లోపు రోడ్డెక్కితే పూర్తిది, 4న ఎక్కితే సగం. దసరాకి కొనేవాళ్లు తేదీ చూసుకోండి. డెలివరీ తేదీ కాదు, పనిలో పెట్టిన తేదీ. పర్మిట్, ఎఫ్‌సీ రాకుండా షెడ్డులో ఉన్న రోజులు లెక్కకు రావు.

బ్యాటరీ_బండి
సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే రిపేరా, బండి ధరలో కలపాలా?

పద్దుల_పుస్తకం
బండి ధరలో కలిపి 30 శాతం తరుగుదల. లారీకి కొత్త బాడీ కట్టిస్తే కూడా అంతే. ఇంజిన్ బోరు చేయించడం, టైర్లకి రీట్రెడ్, డెంటింగ్ పెయింటింగ్, ఇవి రిపేర్లు. ఉన్నదాన్ని ఉన్నట్టు నడిపించడానికి పెట్టింది రిపేరు, కొత్తగా చేర్చింది ఆస్తి. ఫోను కొంటే 15 శాతం, కంప్యూటర్‌కి ఇచ్చే 40 దానికి రాదు.

మీటర్_డౌన్
దీనికి ఒక తోక. 44ఏడీలో వేసిన ఏళ్లలో కూడా తరుగుదల తీసుకున్నట్టే లెక్క. మూడేళ్లు 44ఏడీలో వేసి నాలుగో ఏడు పద్దుల్లోకి వస్తే 9,00,000 నుంచి మొదలుపెట్టడానికి లేదు. 3,08,700 నుంచే.

బండి అమ్మినప్పుడు కూడా ఇదే విలువ చూస్తారు. ఉన్నది ఒకటే బండి, మిగిలిన విలువ 3,08,700, అమ్మింది 4,00,000 అయితే 91,300 స్వల్పకాలిక మూలధన లాభం. లాభం వచ్చిందని సంతోషపడేలోపు అది ఐటీఆర్-4లో పట్టదు, ఐటీఆర్-3కి వెళ్లాలి. అదే ఏడాది పాతది అమ్మి కొత్త ట్యాక్సీ కొంటే రెండూ ఒకే గుంపులో కలిసిపోతాయి, కొత్తదాని ధర ఆ 91,300 కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి లాభం రాదు.

ఇంటికీ_కిరాయికీ
ఆదివారం ఫ్యామిలీతో గుడికి వెళ్తే ఆ డీజిల్ తీసేయాలా? నిజంగా ఎవరైనా చూస్తారా?

పద్దుల_పుస్తకం
సెక్షన్ 38 ప్రకారం పనికి వాడినంత మేరకే ఖర్చు. డీజిల్ ఒక్కటే కాదు, ఇన్సూరెన్సు, వడ్డీ, తరుగుదల కూడా అదే వాటాలో. ఏడాదికి 60,000 కిలోమీటర్లలో 6,000 సొంతానికి అయితే అన్నిటిలో 10 శాతం వదిలేయాలి.

లాగ్ బుక్ అని పెద్ద పేరు గానీ, 20 రూపాయల నోట్‌బుక్ చాలు. తేదీ, పొద్దున మీటర్ రీడింగ్, రాత్రి రీడింగ్, సొంత వాడకం ఉంటే ఎన్ని కిలోమీటర్లు. రోజూ కుదరకపోతే నెల మొదటి రోజు మీటర్ ఫోటో ఒకటి, సొంత ప్రయాణాలు మాత్రం విడిగా రాసుకో.

యాప్ ట్రిప్ హిస్టరీ ఒక్కటే నమ్ముకోకండి. అందులో ప్రయాణికుడు ఎక్కినప్పటి నుంచి దిగే దాకా దూరమే ఉంటుంది. ఖాళీగా వెళ్లి ఎక్కించుకున్నది, బంకుకి, షెడ్డుకి వెళ్లింది, ఎయిర్‌పోర్టు నుంచి ఖాళీగా తిరిగొచ్చింది, అవన్నీ పని కిలోమీటర్లే. వాటిని వదిలేస్తే డీజిల్ లెక్క, కిలోమీటర్ల లెక్క పొంతన లేకుండా కనిపిస్తాయి.

రాత్రి_డ్యూటీ
బంకు బిల్లులు నాలుగు నెలలకి తెల్లకాగితం అయిపోతున్నాయి. డ్యాష్‌బోర్డు మీద పెడితే వారానికే.

మీటర్_డౌన్
ఆ కాగితం వేడికి అలాగే అవుతుంది. కొట్టించిన వెంటనే ఫోటో తీసుకో, బిల్లు మీద బండి నంబరు వేయించుకో. యూపీఐ స్టేట్‌మెంట్‌లో బంకు పేరు, డబ్బు మాత్రమే ఉంటాయి. ఎన్ని లీటర్లు, ఏ బండికి అన్నది ఉండదు. రెండూ ఉంటే ఎవరూ నోరు మెదపలేరు. ఆరేళ్లు దాచుకో.

ఫాస్టాగ్‌కి బ్యాంకు పోర్టల్ నుంచి స్టేట్‌మెంట్ తీసుకో. వాలెట్‌లో వేసుకున్న రీచార్జి కాదు, టోలు దగ్గర కోసినదే ఖర్చు. టోలు ప్రయాణికుడి బిల్లులో కలిసి నీ చేతికి వచ్చి ఉంటే, ముందు ఆదాయంలో చూపించి తర్వాత ఖర్చులో చూపించాలి. ఖర్చు మాత్రం రాసి ఆదాయం వదిలేస్తే ఏఐఎస్‌తో కలవదు.

హైవే_హోటల్
దూరం ట్రిప్పుల్లో భోజనం?

పద్దుల_పుస్తకం
డ్రైవర్‌కీ క్లీనర్‌కీ ఇచ్చిన బత్తా ఖర్చే, సంతకం పెట్టించుకున్న వోచరు ఉంటే. ఓనరే డ్రైవరైతే తన భోజనం సొంత ఖర్చు కింద తీసిపారేస్తారు, ఎవరైనా ఎక్కడైనా తినాల్సిందే కదా అని. యూనిఫామ్ కుట్టించుకుంటే వస్తుంది, మామూలు ప్యాంటు చొక్కా రాదు. కళ్లద్దాలు రావు.

హైవే_హోటల్
అంటే నేను తింటే రాదు, క్లీనర్ తింటే వస్తుంది.

గేరు_మార్చు
క్లీనర్‌గా చేరిపో అన్నా.

జీతం_డ్రైవర్
నేను కంపెనీలో జీతానికి నడుపుతా. నాకు ఈ ఖర్చులు ఏమైనా వస్తాయా? యూనిఫామ్, లైసెన్స్ రెన్యువల్ నేనే పెట్టుకుంటున్నా.

పద్దుల_పుస్తకం
జీతం మీద ఖర్చులు చూపించడానికి మన చట్టంలో దారి లేదు. అన్నిటికీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్ ఒకటే, కొత్త విధానంలో 75,000, పాతదాంట్లో 50,000. యజమాని యూనిఫామ్, ట్రిప్పు బత్తా లాంటివి అలవెన్సుగా విడిగా ఇస్తేనే ఏదైనా కలిసొస్తుంది, జీతంలో కలిపేస్తే కలిసిరాదు. బండి నడుపుతూ ఊరూరా తిరిగే ట్రాన్స్‌పోర్టు ఉద్యోగులకి సొంత ఖర్చుల కోసం ఇచ్చే అలవెన్సులో 70 శాతం, నెలకి 10,000 మించకుండా మినహాయింపు ఉంది. రోజువారీ బత్తా తీసుకోనివాళ్లకి, పాత విధానంలో ఉన్నవాళ్లకి మాత్రమే.

జీతం_డ్రైవర్
నాకు ఫారం 16 (జీతం మీద కోసిన పన్ను సర్టిఫికెట్) ఇవ్వలేదు. 26ఏఎస్‌లో 194సీ అని ఉంది.

మీటర్_డౌన్
అయితే కంపెనీ దృష్టిలో నువ్వు జీతగాడివి కాదు, కాంట్రాక్టరువి. స్టాండర్డ్ డిడక్షన్ రాదు, వ్యాపార ఆదాయం కింద చూపించాలి. పీఎఫ్ కోస్తూ 194సీ వేస్తే మాత్రం వాళ్ల లెక్కలోనే తప్పుంది, సరిదిద్దమని రాతపూర్వకంగా అడుగు.

ఇంకోటి, "ప్రొఫెషనల్ డ్రైవర్" అని చూసి కొంతమంది 44ఏడీఏ కింద సగం ఆదాయం చూపిస్తున్నారు. అది డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్లు లాంటి చట్టంలో పేరు రాసిన వృత్తులకి. డ్రైవింగ్ అందులో లేదు.

అద్దెబండి
ఫ్లీట్ వాళ్ల దగ్గర రోజు అద్దెకి కారు తీసుకుని నడిపేవాళ్ల సంగతి?

పద్దుల_పుస్తకం
అద్దె మొత్తం ఖర్చు. తరుగుదల, వడ్డీ, ఇన్సూరెన్సు ఓనరువి, నీవి కావు. యాప్ అకౌంటు ఎవరి పాన్ మీద ఉందో చూసుకో. అన్న పాన్ మీద అకౌంటు, తమ్ముడు నడుపుడు, డబ్బు తమ్ముడి ఖాతాలోకి, ఇలాంటివి ఇద్దరికీ చుట్టుకుంటాయి. ఏఐఎస్‌లో పడినవాడే ముందు జవాబు చెప్పాలి.

స్టీరింగ్_శీను
కొత్త చట్టం వచ్చింది కదా, ఈ సెక్షన్లన్నీ మారిపోయాయా?

పద్దుల_పుస్తకం
"ఆదాయపు పన్ను చట్టం, 2025" అనేది 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2026 మార్చి 31 దాకా సంపాదించినదానికి 1961 చట్టమే, ఈ థ్రెడ్‌లో నంబర్లన్నీ దానివే. ఆ తర్వాత సంపాదనకి నంబర్లు వేరు, "అసెస్‌మెంట్ ఇయర్" బదులు "ట్యాక్స్ ఇయర్".

ఎల్లోప్లేట్
సరే, 44ఏడీ, కొత్త విధానం, కిరాయి 11 లక్షలు, ఐటీఆర్-4. లాభం ఎంత రాయాలి, 66,000 చాలా?

మీటర్_డౌన్
నీ సంచిలో ఉన్నవి ఒకసారి కూడు. 66,000 కంటే ఎక్కువ మిగిలితే అది రాయి, తక్కువైతే 66,000. యాప్ వారం స్టేట్‌మెంట్‌లో క్యాష్ తీసుకున్న ట్రిప్పులు విడిగా ఉంటాయి, వాటిని 8 శాతం గడిలో వేయి. 3 లక్షలు క్యాష్ అయితే 24,000, మిగతా 8 లక్షల మీద 48,000, మొత్తం 72,000 అవుతుంది నీ కనీసం. ప్రయాణికుడు నేరుగా నీ ఫోన్‌కి యూపీఐ కొడితే అది క్యాష్ కాదు, 6 శాతమే.

పద్దుల_పుస్తకం
బిజినెస్ కోడ్ దగ్గర ప్రయాణికుల రోడ్డు రవాణా ఎంచుకో, సరుకు రవాణా కోడ్ నొక్కకు. రీఫండ్ కోసం బ్యాంకు ఖాతాని పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసుకో, పాన్‌లో పేరు, ఖాతాలో పేరు ఒకటే ఉండాలి. సబ్మిట్ కొట్టాక ఆధార్ ఓటీపీతో 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే రిటర్న్ వేయనట్టే.

రాత్రి_డ్యూటీ
ఆధార్‌కి లింకైన నంబరు పాత సిమ్ అయితే?

పద్దుల_పుస్తకం
వ్యాలిడేట్ చేసిన బ్యాంకు ఖాతా ద్వారా గానీ నెట్ బ్యాంకింగ్ ద్వారా గానీ కోడ్ తెప్పించుకోవచ్చు. అదీ కుదరకపోతే ఐటీఆర్-వి (రిటర్న్ రసీదు) ప్రింట్ తీసి సంతకం పెట్టి బెంగళూరులోని పన్ను శాఖ కేంద్రం సీపీసీకి పోస్టులో పంపాలి, అదీ ఆ 30 రోజుల్లోనే అక్కడికి చేరాలి.